పాత పెంటియం 4 మీద డెబియన్ 12 ఇన్‌స్టాలర్: బూట్ పార్టిషన్ దగ్గరే అసలు పరీక్ష

మా బావగారి జిరాక్స్ షాపు అటక మీద ఇరవయ్యేళ్లు దాటిన పెంటియం 4 కంప్యూటరు ఒకటి మూలన పడి ఉంటే, దానికి 1 జీబీ ర్యామ్, ఎక్కడో దొరికిన 250 జీబీ ఐడీఈ (పాత తరహా కేబుల్‌తో కలిపే) హార్డ్ డిస్క్ అమర్చి, లినక్స్ రకానికి చెందిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12 ఎక్కించాను. 2023 జూన్ 10న విడుదలైన ఈ వెర్షన్‌నే ఎంచుకోవడానికి కారణం, 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇచ్చిన ఆఖరి డెబియన్ ఇదే కావడం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ వర్గానికి అధికారిక ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లేదు. డెస్క్‌టాప్ ఎలా ఉందో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, పాత బయోస్ (కంప్యూటరు ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) ఉన్న యంత్రంలో ఈ ఇన్‌స్టాలర్‌తో బూట్ పార్టిషన్ (సిస్టమ్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్క్ భాగం) ఎలా కుదురుతుందన్న సంగతికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

మొదటిసారి బద్ధకించి, డిస్క్‌ను ఇన్‌స్టాలరే విభజించే గైడెడ్ పద్ధతినే ఎంచుకొని, మొత్తం డిస్క్ వాడుకొని ఫైళ్లన్నీ ఒకే పార్టిషన్‌లో పెట్టమన్నాను. అరగంట దాటాక అంతా పూర్తయింది, సిస్టమ్ చక్కగా లేచింది, రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఆ తర్వాత ఒక కెర్నల్ అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ చేసేసరికి, డిస్క్ హద్దు దాటి చదవబోతున్నానంటూ, కెర్నల్‌ను లేపే ప్రోగ్రామ్ గ్రబ్ నల్ల తెర మీద ఆగిపోయింది. డిస్క్ పాడైందనుకొని కేబుల్ మార్చి చూశాను, ఒక సాయంత్రం అలాగే గడిచిపోయింది.

తప్పు డిస్క్‌దీ కాదు, డెబియన్‌దీ కాదు. ఆ కాలపు బయోస్‌లలో చాలావాటికి సెక్టార్ (డిస్క్‌లోని చిన్న ముక్క) చిరునామా 28 బిట్లకు మించదు. ఒక్కో సెక్టార్ 512 బైట్లు కాబట్టి లెక్క 137 జీబీ దగ్గర ముగుస్తుంది, ఆ పైనున్న స్థలం బయోస్ దృష్టిలో లేనట్టే. కెర్నల్ ఒకసారి లేచిందంటే తన సొంత డ్రైవర్‌తో 250 జీబీనీ చదువుకుంటుంది గాని, ఆ కెర్నల్‌నూ దానితోపాటు ఉండే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌నూ (లేచేటప్పుడు కావలసిన డ్రైవర్ల మూట) డిస్క్ నుంచి మెమరీలోకి తెచ్చే పని గ్రబ్‌ది, గ్రబ్ మామూలుగా బయోస్ కళ్లతోనే చూస్తుంది. డిస్క్ అంతా ఒకే పార్టిషన్ అయినప్పుడు కొత్త కెర్నల్ ఫైల్ ఎక్కడ పడుతుందో ఫైల్ సిస్టమ్ ఇష్టం. నా విషయంలో పాత కెర్నల్ హద్దుకు ఇవతల ఉండిపోయింది, కొత్తది అవతల పడింది. గ్రబ్‌కు ముందు అదే పనికి లిలో వాడిన రోజుల్లో 1024 సిలిండర్ల హద్దు గురించి పెద్దలు హెచ్చరించేవారు. అంకె మారిందే తప్ప జబ్బు అదే.

రెండోసారి మాన్యువల్ పద్ధతిలోకి వెళ్లాను, ఈ ఇన్‌స్టాలర్ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. కొత్త పార్టిషన్ సృష్టించేటప్పుడు అది ఖాళీ స్థలం మొదట్లో ఉండాలా చివర్లో ఉండాలా అని విడిగా అడుగుతుంది. మొదట్లో అని చెప్పి 700 ఎంబీ ప్రైమరీ పార్టిషన్ చేసి, దానికి ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఇచ్చి, /బూట్ అని మౌంట్ పాయింట్ (ఆ పార్టిషన్ కనిపించే ఫోల్డర్) పెట్టి, బూటబుల్ ఫ్లాగ్ ఆన్ చేశాను. అప్పుడు కెర్నల్ ఫైళ్లన్నీ 137 జీబీ హద్దుకు ఇవతలే ఉంటాయి. గ్రబ్‌కు ఆ ఫ్లాగ్ అక్కర్లేదు గాని, యాక్టివ్ (అంటే ఆ ఫ్లాగ్ ఉన్న) పార్టిషన్ ఒక్కటైనా కనిపించకపోతే ఆ డిస్క్ వైపే చూడని బయోస్‌లు కొన్ని ఉన్నాయి. మిగిలిన స్థలంలో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు), రూట్ (మిగతా సిస్టమ్ అంతా ఉండేది) పెట్టాను. డిస్క్ మీద రాసే ముందు మార్పులన్నీ ఒక తెర మీద చూపించి అనుమతి అడగడం, అప్పటిదాకా ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్లనివ్వడం చేయి వణికేవారికి పెద్ద ఊరట.

700 ఎంబీ ఎందుకంటే, మామూలు అమరికలో ఒక్కో కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఒక్కటే పదుల ఎంబీలు తింటుంది, అప్‌డేట్ సమయంలో పాతవీ కొత్తవీ కలిసి మూడు దాకా పేరుకుంటాయి. పాత పుస్తకాల్లో కనిపించే 50, 100 ఎంబీ లెక్కలు ఇప్పుడు పనికిరావు. చోటు మరీ ఇరుకైతే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగుల ఫైల్లో మాడ్యూల్స్ దగ్గర ‘మోస్ట్’ తీసి ‘డెప్’ అని పెడితే, ఈ యంత్రానికి కావలసిన డ్రైవర్లే మిగిలి ఫైల్ బాగా చిక్కిపోతుంది. అయితే ఆ డిస్క్‌ను తీసి ఇంకో కంప్యూటరులో పెడితే లేవకపోవచ్చు.

గ్రబ్‌ను ఏ డిస్క్ మీద పెట్టాలన్న ప్రశ్న చివర్లో వస్తుంది, అక్కడ ఎంటర్ నొక్కుకుంటూ పోకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేసేవారికి ఒక్కోసారి మొదటి డిస్క్‌గా ఆ పెన్‌డ్రైవే కనిపిస్తుంది. నా యంత్రం యూఎస్‌బీ నుంచి బూట్ కాదు, డీవీడీ రాసుకోవలసి వచ్చింది, అందువల్ల ఆ చిక్కు తప్పింది. విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి పార్టిషన్లను అలాగే ఉంచుకోవాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి: అప్పట్లో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ నుంచి మొదలయ్యేది, దానికి ముందు గ్రబ్‌కు మిగిలేది 31 కేబీ మాత్రమే. ఎల్‌వీఎం (పార్టిషన్ల సైజు తర్వాత మార్చుకోనిచ్చే అమరిక), రెయిడ్ (పలు డిస్కులను కలిపి వాడే అమరిక) వంటివి కలిస్తే అది చాలకపోవచ్చు. డిస్క్ మొత్తం చెరిపి కొత్త పార్టిషన్ పట్టిక రాస్తే ఇన్‌స్టాలర్ 1 ఎంబీ వదిలిపెట్టే మొదలుపెడుతుంది.

గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు కూడా ఉంది, టెక్స్ట్ పద్ధతిలో లేదు. నేను తెలుగులో మొదలుపెట్టి పార్టిషన్ల దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషుకు మారాను, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సాయమంతా ఇంగ్లీషు పేర్లతోనే ఉంటుంది మరి.

నాకు మిగిలిన ఫిర్యాదు ఒకటే. గైడెడ్ పద్ధతిలో ఎల్‌వీఎం ఎంచుకుంటే /బూట్‌ను విడిగా తనే పెట్టే ఈ ఇన్‌స్టాలర్, మామూలు పార్టిషన్లు అడిగినవారికి మాత్రం ఆ ఊసే ఎత్తదు. మాన్యువల్ అంటే భయపడేవారికి అందుకే ఎల్‌వీఎం దారి చూపిస్తున్నాను. బావగారి కంప్యూటరు ఆ తర్వాత మూడు కెర్నల్ అప్‌డేట్లు దాటింది, ఇప్పుడు కౌంటరు మీద బిల్లులు కొడుతోంది.