కిక్కుల కోసం కాళ్లు సాగదీయడం: మెషీన్, పట్టీ, దిమ్మెలు ఏళ్ల తరబడి వాడాక

తైక్వాండోలో కాలు తల ఎత్తుకు లేవాలన్న పట్టుదలతో నేను ఏళ్లుగా వాడుతున్న సామాన్లు మూడు. కూర్చుని చక్రం తిప్పితే రెండు కాళ్లనూ పక్కలకు విప్పే స్ట్రెచింగ్ మెషీన్ ఒకటి. వరుసగా ఉచ్చులు కుట్టిన నైలాన్ పట్టీ ఒకటి. గట్టి ఫోమ్‌తో చేసిన దిమ్మెలు రెండు, యోగాలో వాడేవే. వీటిలో ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే పట్టీని ఉంచుకుంటాను. చూడటానికి అన్నిటికంటే అల్పంగా కనిపించేది అదే, నా కిక్కును మార్చింది కూడా అదే.

ఎత్తు మీద ఇంత మోజు ఎందుకంటే ఆట నియమాల్లోనే దానికి విలువ ఉంది. తైక్వాండో పోటీల్లో ఛాతీ కవచం మీద తగిలిన మామూలు కిక్కుకు 2 పాయింట్లు, తలకు తగిలితే 3, గిర్రున తిరిగి తలకు తగిలిస్తే 5. కరాటేలో ఇద్దరు తలపడే పోటీ అయిన కుమితేలో కూడా దేహానికి వేసిన కిక్కుకు 2 అయితే తలకు వేసిన కిక్కుకు 3. అయితే నేల మీద స్ప్లిట్‌లో, అంటే రెండు కాళ్లూ పూర్తిగా విప్పి, కూర్చోగలగడం వేరు, నిలబడి కాలిని ఆ ఎత్తుకు తీసుకెళ్లి గురి చూసి కొట్టగలగడం వేరు. మొదటిదానిలో శరీరం బరువో, చెయ్యో, యంత్రమో కాలిని సాగదీస్తుంది. రెండోదానిలో తుంటి చుట్టూ ఉన్న కండరాలే కాలిని ఎత్తాలి, ఎత్తి మోయాలి.

తేడా తెలుసుకోవడం సులువు. గోడకు ఆనుకుని నిలబడి, ఊపు లేకుండా, మోకాలు చాపి ఒక కాలిని నెమ్మదిగా ముందుకు ఎత్తి ఆపండి. తర్వాత అదే కాలిని చేత్తో పట్టుకుని వచ్చినంత పైకి తీసుకెళ్లండి. రెండు ఎత్తుల మధ్య దూరం అందరికీ ఉంటుంది. ఏ సామాను ఆ దూరాన్ని తగ్గిస్తుంది, ఏది పెంచుతుంది అన్నదే ఈ సమీక్షలో నా కొలమానం. కాలితో కొట్టడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే అక్కరకొచ్చే కొలమానం లేదని నా గట్టి నమ్మకం.

మెషీన్‌తో మొదలుపెడతాను, ఎక్కువమంది అడిగేది దాని గురించే కాబట్టి. దానిలో నిజంగా మెచ్చుకోవాల్సింది నిలకడ. కాళ్ల బరువును అదే మోస్తుంది కనుక గజ్జల దగ్గరి కండరాలు బిగుసుకోకుండా వదులవుతాయి. చక్రాన్ని పావు వంతు తిప్పితే కోణం కొద్దిగా పెరుగుతుంది, నొప్పి మొదలవగానే అంతే కొద్దిగా వెనక్కి తిప్పవచ్చు. ఈ అదుపు మరొకరు కాళ్లు పట్టుకుని నొక్కినప్పుడు ఎన్నటికీ రాదు. సాధన ముగిశాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు, అందులో కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే పగలంతా కుర్చీలో గడిపిన తుంటికి ఎంతో హాయిగా ఉంటుంది. కోణం చూపించే ముల్లు నెలనెలా జరుగుతుంది. ఉత్సాహమూ ఇస్తుంది.

కానీ ముల్లు జరిగినంతగా కిక్కు లేవదు. నా అనుభవంలో మెషీన్ మీద కాళ్లు బాగా విచ్చుకున్న కాలంలోనే, పైన చెప్పిన గోడ పరీక్షలో దూరం పెరిగింది. దీనికి కారణం ఉంది. కొన్ని వారాలు స్ట్రెచింగ్ చేస్తే వచ్చే మార్పులో ఎక్కువ భాగం కండరం పొడవు పెరగడం కాదనీ, సాగినప్పుడు కలిగే ఇబ్బందిని ఓర్చుకునే హద్దు పెరగడమేననీ పరిశోధనలు చెబుతున్నాయి. అంటే నాడీ వ్యవస్థ ఇంకొంచెం దూరం అనుమతిస్తోంది. ఆ కొత్త దూరంలో పనిచేసే బలం మాత్రం మెషీన్‌లో ఊరికే కూర్చుంటే రాదు. కండరానికి అక్కడ పని అప్పగించాలి.

మెషీన్ కొనేటప్పుడు దిండ్లు ఎక్కడ ఆనుతాయో తప్పక చూడండి. చీలమండల దగ్గర మాత్రమే ఆనే రకాల్లో, లాగే బలమంతా మోకాలి లోపలి వైపు లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచేది) మీద పడుతుంది. గజ్జల్లో సాగాల్సింది మోకాలి పక్కన నొప్పిగా తేలితే ఆ మెషీన్ మీకు పనికిరాదు. మోకాలికి పైనా కిందా ఆధారం ఇచ్చే రకమే వాడదగినది. వెనుక ఆనుకునే పలక కూడా ముఖ్యం. జారగిలబడి కూర్చుంటే కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, అప్పుడు కాళ్లు కొద్దిగా విచ్చుకోగానే ఆగిపోతాయి. నిటారుగా కూర్చుని నడుమును కొద్దిగా ముందుకు వంచితే అదే కోణం తేలికగా వస్తుంది.

ఇక్కడ ఎముకల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది 'నా తుంటి ఇంతే' అని విడిచిపెట్టేస్తారు. కాలి వేళ్లు సూటిగా ముందుకు చూస్తుండగా కాలిని పక్కకు ఎత్తుకుంటూ పోతే, తొడ ఎముక పైభాగం ఒక దశలో కటి ఎముకకు అడ్డం తగులుతుంది. కాలిని బయటికి తిప్పినా, కటిని ముందుకు వంచినా ఆ అడ్డు తొలగుతుంది. పక్కకు కొట్టే సైడ్ కిక్‌లో నిలబడిన కాలి మడమను ప్రత్యర్థి వైపు తిప్పమని గురువులు పదేపదే చెప్పడంలో శక్తి ఒక్కటే కాదు, ఈ దారి తెరవడం కూడా ఉంది. తుంటి గుంట లోతు, తొడ ఎముక మెడ వంపు మనిషికీ మనిషికీ మారతాయి, కాబట్టి హద్దులు కొందరికి నిజంగానే ఉంటాయి. ఎముక అడ్డమో కండరం అడ్డమో తేల్చుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. తుంటి ఎత్తున్న బల్ల పక్కన నిలబడి, ఒక కాలిని పక్కకు చాపి బల్ల మీద పెట్టి చూడండి. ఒక్కో కాలూ విడిగా 90 డిగ్రీలు వస్తే, రెండూ కలిపి సైడ్ స్ప్లిట్‌కు (రెండు కాళ్లూ చెరో పక్కకు విప్పడం) ఎముకలు చాలావరకు ఒప్పుకున్నట్లే. ఒక తొడ నుంచి రెండో తొడకు అడ్డంగా పోయే కండరమేదీ లేదు. మిగిలిందంతా బిగుతూ, భయమూ.

ఇప్పుడు పట్టీ. వెల్లకిలా పడుకుని, ఒక ఉచ్చులో పాదం పెట్టి, మోకాలు చాపి కాలిని పైకి తీసుకురావాలి. రెండో కాలు నేలకు అతుక్కునే ఉండాలి, లేకపోతే కాలికి బదులు నడుము వంగి ఎత్తు వచ్చినట్లు కనిపిస్తుంది. తొడ వెనుక సాగుతున్నట్లు తెలిసే చోట ఆగి, పాదంతో పట్టీని కిందికి నొక్కాలి. సగం బలం చాలు, ఐదారు సెకన్లు చాలు. తర్వాత వదులు చేసి, ఊపిరి విడుస్తూ, పట్టీని ఇంకొంచెం దగ్గరకు లాక్కుని 20 నుంచి 30 సెకన్లు ఆగాలి. ఇలా మూడు నాలుగు సార్లు. కండరాన్ని బిగించి, వదిలి, సాగదీసే ఈ పద్ధతినే పిఎన్ఎఫ్ (ప్రొప్రియోసెప్టివ్ న్యూరోమస్క్యులర్ ఫెసిలిటేషన్) అంటారు. 1940ల్లో హెర్మన్ కాబాట్ అనే వైద్యుడు పక్షవాతం, పోలియో వంటి వాటితో కండరాలు చచ్చుబడిన రోగుల కోసం మొదలుపెట్టిన చికిత్స ఇది. క్రీడాకారుల చేతికి తర్వాత వచ్చింది.

దీనికి నేను జోడించుకున్నదే నాకు అన్నిటికంటే విలువైనది. చివరి విడతలో కాలు అందినంత దగ్గరికి వచ్చాక, పట్టీని వదులు చేసి కాలిని అక్కడే సొంతంగా నిలపాలి. మొదట్లో కాలు జానెడు కిందికి జారిపోతుంది. తొడ ముందు కండరం, తుంటి ముందు భాగం వణుకుతాయి, కొన్నిసార్లు కండరం పట్టేస్తుంది. పట్టేస్తే ఆపి, కాలు దించి, మోకాలు మడిచి కాసేపు వదిలేస్తే సర్దుకుంటుంది. గోడ పరీక్షలో దూరం తగ్గడం మొదలైంది దీని తర్వాతే. ఫ్రంట్ కిక్, పైనుంచి దిగే యాక్స్ కిక్ రెండింటికీ లాభం ముందుగా తెలిసింది. సైడ్ కిక్, కాలిని పక్క నుంచి తిప్పి కొట్టే రౌండ్‌హౌస్ కిక్‌ల కోసం అదే పనిని పక్కకు తిరిగి పడుకుని చేస్తాను. పైకాలిని పట్టీతో లేపి, పట్టీ వదిలి, మోకాలు చాపి నిలపడం. ఇది కష్టం, ఫలితమూ ఆలస్యంగానే వస్తుంది. అయినా స్పారింగ్‌లో, అంటే జోడీతో తలపడే సాధనలో, కాలు ఎత్తగానే శరీరం వెనక్కి పడిపోకుండా ఆగడం మొదలైనప్పుడు కలిగిన ఆనందం మెషీన్ ముల్లు ఎన్నడూ ఇవ్వలేదు.

పట్టీలో ఎలాస్టిక్ రకం వద్దు. సాగే పట్టీ ఎంత లాగిందో తెలియనివ్వదు, పాదం జారితే మొహానికి తగులుతుంది. సాగని నైలాన్ తీసుకుంటే ప్రతిసారీ అదే ఉచ్చు పట్టుకుని ముందుకు జరిగామో లేదో సరిగ్గా చూసుకోవచ్చు. ఉచ్చు మొత్తం పాదం దూరేంత వెడల్పు ఉండాలి. అంచులు మొరటుగా ఉంటే చెప్పులు లేని పాదానికి రాసుకుంటుంది.

దిమ్మెల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సైడ్ స్ప్లిట్‌లోకి దిగేటప్పుడు అరచేతుల కింద ఉంటే నడుము నిటారుగా ఉంటుంది, బరువును చేతులు కొంత తీసుకుంటాయి. మడమలతో నేలను లోపలికి గుంజుతున్నట్లు కొద్ది సెకన్లు బిగించి వదలడానికి ఇవి మంచి ఊతం. ముందు గుర్రపు భంగిమలో (కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి నిలబడడం) తొడలకు తగినంత బలం తెచ్చుకున్నవాళ్లే ఆ పనికి దిగాలి. కండరాల కింద పెట్టి దొర్లించే ఫోమ్ రోలర్ కూడా వాడాను, కాసేపు వదులైనట్లు అనిపిస్తుంది, అంతకు మించి కిక్కులో తేడా కనపడలేదు.

ఏది ఎప్పుడు అన్నది సామానంత ముఖ్యం. సాధనకు ముందు మెషీన్ జోలికి వెళ్లను. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి కదలకుండా సాగదీస్తే వెంటనే ఆ తర్వాత బలం, వేగం కొంత తగ్గుతాయని చాలా అధ్యయనాలు తేల్చాయి. ముందు ఒళ్లు వేడెక్కించి, కాళ్లను ముందుకూ పక్కకూ ఊపుతూ క్రమంగా ఎత్తు పెంచడమే సరైన పని. పట్టీతో బిగింపు పని వారంలో రెండు మూడు రోజులు చాలు. అది బలం పెంచే వ్యాయామమే కనుక మర్నాడు ఒళ్లు నొప్పులు ఉంటాయి, కండరానికి విశ్రాంతి కావాలి. మెత్తగా సాగదీయడం రోజూ చేసినా ఫర్వాలేదు.

నొప్పి విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సాగుతున్న బాధ కండరం మధ్యలో తెలియాలి. పిరుదుల కింద కూర్చునే ఎముక దగ్గర సూదిగా గుచ్చినా, మోకాలి లోపలి పక్క లాగినా, తుంటి ముందు గిల్లినట్లు నొక్కుకుపోయినా అది సాగడం కాదు. కూర్చునే ఎముక దగ్గరి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపేది) ఒకసారి మంట పట్టిందంటే ముందుకు వంగే ప్రతి స్ట్రెచ్ దాన్ని ఎముకకేసి అదిమి ఇంకా రేపుతుంది. సాగదీస్తే పోతుందిలే అని లాగడం మానేసి ఫిజియోథెరపిస్టును కలవాలి. పిల్లల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎదిగే వయసులో కండరం అంటుకునే చోట ఎముక పూర్తిగా గట్టిపడి ఉండదు, బలంగా లాగితే ఎముక ముక్కతో సహా ఊడే ప్రమాదం ఉంది. వాళ్లను మెషీన్‌లో కూర్చోబెట్టడం, మోకాళ్ల మీద నిలబడి నొక్కడం నేను ఎక్కడ చూసినా అడ్డు చెబుతాను.

కొత్తగా నేర్చుకునేవాళ్లు పట్టీ ఒక్కటి కొంటే చాలు. సైడ్ స్ప్లిట్ కావాలని ప్రత్యేకంగా పట్టుబట్టినవాళ్లు, ఇంట్లో చోటు ఉన్నవాళ్లు, మోకాలికి ఆధారమిచ్చే మెషీన్‌ను రెండో మెట్టుగా తీసుకోవచ్చు. మెషీన్‌కు మరమ్మతు అక్కర్లేదు, మర మీద అప్పుడప్పుడు నూనె వేస్తే చక్రం నునుపుగా తిరుగుతుంది. పట్టీ అలా కాదు, లాగుడంతా కుట్ల మీదే పడుతుంది. నా మొదటి పట్టీకి పాదం పెట్టే ఉచ్చు దగ్గర దారాలు ఊడాయి. అదే రకం మళ్లీ తెచ్చుకున్నాను, ఈసారి ఉచ్చుల మధ్య అడ్డంగా రెండు వరుసల కుట్టు ఉన్నది చూసి.