హాస్టల్ గదిలో ఎడ్యురోమ్: ఒక పీహెచ్‌డీ విద్యార్థిని రివ్యూ

క్యాంపస్‌లో ఉండి చదువుకునేవాళ్ళకి యూనివర్సిటీ ఇచ్చే నెట్ సౌకర్యాల్లో ఏది ఎక్కువ పనికొస్తుందని అడిగితే నేను ఎడ్యురోమ్ పేరే చెప్తాను. సొంత యూనివర్సిటీ లాగిన్‌తోనే వేరే క్యాంపస్‌లలో కూడా వాడుకోగలిగే వైఫై ఇది. మా హాస్టల్లో చాలామందికి అది వైఫై లిస్టులో కనిపించే ఒక పేరు మాత్రమే. పైన వేరే నెట్‌వర్క్, కింద ఇంకోటి, మధ్యలో ఇది. ఏంటో తెలియక దాటేసి సొంత డేటా వాడుకుంటారు. మరికొందరు వాడతారు గానీ ప్రమాదకరంగా సెట్ చేసుకుని వాడతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ప్లాంట్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను. సొంతూరు పలాస దగ్గర. నెట్‌తో నాకు ఉండే పనులు ఇవి: పేపర్లు దింపుకోవడం, జీన్ డేటాబేసుల్లో వెతకడం, గైడ్‌తో మీటింగులు, రాత్రి భోజనం అయ్యాక అమ్మతో వీడియో కాల్. ఈ పనులన్నిటినీ ఎడ్యురోమ్ మీద నడిపాకే ఈ మాటలు రాస్తున్నాను.

ఈ సేవ కథ 2002లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. అక్కడి విద్యాసంస్థల నెట్‌వర్క్ సంస్థ సర్ఫ్‌నెట్‌లో పనిచేసే క్లాస్ వీరెంగా అనే ఆయన ఒక ప్రతిపాదన పెట్టారు. ఒక యూనివర్సిటీ విద్యార్థి ఇంకో యూనివర్సిటీకి వెళ్తే కొత్త అకౌంట్ అడగకుండా, తన సొంత యూనివర్సిటీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోనే అక్కడి వైఫై వాడుకోగలగాలన్నది దాని సారాంశం. 2003లో కొన్ని యూరప్ దేశాలు దాన్ని ప్రయోగాత్మకంగా నడిపాయి. ఇప్పుడు వందకు పైగా దేశాలూ ప్రాంతాల్లో ఉంది. మన దేశంలో విద్యా, పరిశోధన సంస్థలకి నెట్‌వర్క్ నడిపే ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా దీన్ని చూసుకుంటుంది.

పనిచేసే తీరు మన ఏటీఎంలాంటిదే. కార్డు మన బ్యాంకుది, మెషీన్ వేరే బ్యాంకుది, ఔననో కాదనో చెప్పేది మాత్రం మన బ్యాంకు. నేను బెంగళూరు ఐఐఎస్‌సీలో ఫోన్ తీస్తే, నా యూజర్‌నేమ్‌లో '@' తర్వాత ఉన్న భాగం చూసి అక్కడి సర్వర్ ఆ అభ్యర్థనను దేశస్థాయి సర్వర్‌కి పంపుతుంది. అది హైదరాబాద్‌లో మా యూనివర్సిటీ సర్వర్‌కి చేరుతుంది. పాస్‌వర్డ్ సరిచూసేది ఇక్కడే. వేరే దేశంలో ఉంటే పైన ఇంకో మెట్టు చేరుతుంది, అంతే. వీటిని రేడియస్ సర్వర్లంటారు. సెట్టింగ్ సరిగ్గా ఉంటే పాస్‌వర్డ్ మొదటి నుంచి చివరి వరకు ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది, మనం వెళ్ళిన చోట ఎవరికీ కనిపించదు.

ఐఐఎస్‌సీకి వర్క్‌షాప్ కోసం వెళ్ళినప్పుడు నాకు దీని విలువ బాగా తెలిసింది. రిజిస్ట్రేషన్ క్యూలో నిలబడి ఉండగానే ఫోన్ దానంతట అదే కలిసిపోయింది. నా పక్కనున్న అమ్మాయి గెస్ట్ వైఫై కోసం ఫారం నింపి, ఓటీపీ కోసం చూస్తూ నిలబడింది. నేను అప్పటికే నా స్లైడ్లు డ్రైవ్ నుంచి దింపుకున్నాను. మా ల్యాబ్ నుంచి జర్మనీ వెళ్ళిన సీనియర్ అక్క కూడా ఇదే చెప్పింది. విమానం దిగాక సిమ్ కొనడానికి రెండు రోజులు పట్టిందట. ఈలోగా క్యాంపస్‌లో అడుగుపెట్టగానే వైఫై వచ్చేసింది, ఇంటికి ఫోన్ చేసుకుంది. కొన్ని దేశాల్లో రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టుల్లో కూడా ఈ నెట్‌వర్క్ ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. యూజర్‌నేమ్ ఎప్పుడూ '@' తో సహా పూర్తిగా టైప్ చెయ్యండి. కొన్ని క్యాంపస్‌లలో '@' లేకుండా ఇచ్చినా లోపల పనిచేస్తుంది. బయట ఊరికి వెళ్ళాక పనిచెయ్యదు, ఎందుకంటే ఆ రెండో భాగం లేకపోతే మన యూనివర్సిటీ ఏదో అక్కడి సర్వర్‌కి తెలిసే దారి లేదు. ప్రయాణానికి ముందే హాస్టల్లో పూర్తి పేరుతో కలుస్తుందో లేదో చూసుకోవడం మంచిది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయానికి వస్తాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతుంది. సర్టిఫికెట్ అడిగే చోట 'డు నాట్ వ్యాలిడేట్' పెట్టెయ్యండి, వెంటనే కనెక్ట్ అవుతుంది అని. కనెక్ట్ అయ్యే మాట నిజమే. కానీ ఆ సర్టిఫికెట్ అనేది అవతల ఉన్నది నిజంగా మన యూనివర్సిటీ సర్వరేనా అని ఫోన్ చూసుకునే పరీక్ష. ఆ పరీక్ష తీసేస్తే, ఎవరైనా ఒక బ్యాగులో చిన్న పరికరం పెట్టుకుని అదే పేరుతో వైఫై ప్రసారం చేస్తే మన ఫోన్ నమ్మి దానికి లాగిన్ వివరాలు పంపుతుంది. మనం నిద్రపోతున్నా సరే, జేబులో ఫోన్ ఉన్నా సరే. పైగా అదే పాస్‌వర్డ్‌తో మన మెయిల్ తెరుచుకుంటుంది, ఫీజు పోర్టల్ తెరుచుకుంటుంది, మార్కులు తెరుచుకుంటాయి. ఒక అమ్మాయి మెయిల్ వేరేవాళ్ళ చేతికి వెళ్తే ఏమేం జరగొచ్చో నేను వివరించక్కర్లేదు.

ఆండ్రాయిడ్ 11కి 2020 డిసెంబరులో వచ్చిన అప్‌డేట్ గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఆ 'డు నాట్ వ్యాలిడేట్' ఆప్షన్‌నే తీసేసింది. తర్వాత చాలా కొత్త ఫోన్లలో కూడా అది కనిపించదు. అది మన మంచికే. కానీ అప్పటి నుంచి కొత్త ఫోన్ కొన్నవాళ్ళు 'ఇక్కడ ఎడ్యురోమ్ పనిచెయ్యదు' అని వదిలేస్తున్నారు. సరైన దారి చాలా సులువు. 'గెట్‌ఎడ్యురోమ్' అని ఒక ఉచిత యాప్ ఉంది. మొబైల్ డేటా మీద దాన్ని వేసుకుని, లిస్టులో మీ యూనివర్సిటీ పేరు వెతికి, లాగిన్ ఇస్తే సర్టిఫికెట్‌తో సహా అన్నీ అదే సర్దుతుంది. ల్యాప్‌టాప్‌లకి 'క్యాట్' అనే సైటు నుంచి ఇన్‌స్టాలర్ దొరుకుతుంది. మీ యూనివర్సిటీ పేరు ఆ లిస్టులో లేకపోతే కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి రెండు వివరాలు అడగండి: ఏ సర్టిఫికెట్ పెట్టాలి, డొమైన్ (లాగిన్ సరిచూసే సర్వర్ పేరు) దగ్గర ఏం రాయాలి. ఆ రెండూ దొరికితే చేత్తో పెట్టుకోవచ్చు. మెథడ్ (లాగిన్ సరిచూసే పద్ధతి) దగ్గర చాలా చోట్ల పీఈఏపీ, దాని కింద ఎంఎస్‌చాప్ వీ2 ఉంటాయి.

నా స్నేహితురాలు ఒకామె చూపు లేని అమ్మాయి, ఎం.ఏ. చదువుతోంది. ఆమె ద్వారా నాకు ఇంకో సంగతి తెలిసింది. హాస్టళ్ళలో ఉండే మామూలు వైఫైకి బ్రౌజర్‌లో ఒక లాగిన్ పేజీ వస్తుంది. కాసేపటికి దానంతట అదే లాగౌట్ అవుతుంది. మళ్ళీ పేజీ, మళ్ళీ బొమ్మలో అక్షరాలు చదివి టైప్ చెయ్యడం. స్క్రీన్ రీడర్‌తో నడిచేవాళ్ళకి ఆ బొమ్మ దగ్గర దారి మూసుకుపోతుంది, ప్రతిసారీ పక్కవాళ్ళని పిలవాలి. ఎడ్యురోమ్‌లో ఆ పేజీయే లేదు. ఒకసారి పెట్టుకుంటే పాస్‌వర్డ్ మార్చేదాకా ఇంకేమీ అడగదు. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో నెట్ లాగౌట్ అవుతుందేమో అనే టెన్షన్ ఆమెకి ఇప్పుడు లేదు. ఈ ఒక్క కారణం చాలు, ప్రతి హాస్టల్లో ఇది ఉండాలని నేను అడగడానికి.

స్పీడు సంగతి. ఇది ఎడ్యురోమ్ కంటే హాస్టల్ కట్టడం మీద, యాక్సెస్ పాయింట్లు (వైఫై ప్రసారం చేసే పెట్టెలు) ఎక్కడ బిగించారన్నదాని మీద ఆధారపడుతుంది. మా బ్లాకులో అవి కారిడార్ సీలింగుకి ఉన్నాయి. తలుపు పక్క మంచం మీద బాగా వస్తుంది, కిటికీ పక్క బల్ల దగ్గర తగ్గిపోతుంది. వైఫై వాడే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గానీ గోడలు దాటడంలో బలహీనం. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ అందులో ఒకదానితో ఒకటి కలవకుండా ఉండే చానళ్ళు మూడే: 1, 6, 11. గదికొక హాట్‌స్పాట్, దానికి తోడు సొంత రూటర్లు. అందరూ ఆ మూడింటి మీదే పడతారు. మెస్ నుంచి అందరూ గదులకి చేరే వేళకి వీడియో ఆగి ఆగి వస్తుంది. నా సలహా, గోడకి లాన్ పోర్ట్ (నెట్ కేబుల్ పెట్టే రంధ్రం) ఉంటే దాన్ని వదలకండి. పాత హాస్టళ్ళలో బీరువా వెనక దాక్కుని ఉంటుంది. పల్చటి ల్యాప్‌టాప్‌లకి ఆ రంధ్రం ఉండదు కాబట్టి యూఎస్‌బీ అడాప్టర్, ఒక క్యాట్-6 కేబుల్ కొనుక్కోవాలి. ప్లేస్‌మెంట్ కోడింగ్ టెస్టులూ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలూ ఉన్నవాళ్ళు దీని మీద పెట్టే డబ్బు వృథా కాదు.

హాస్టల్ గదుల్లో సిమ్ సిగ్నల్ సరిగ్గా రానివాళ్ళకి ఇంకో ఉపాయం. ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ (మామూలు కాల్స్ వైఫై మీదుగా వెళ్ళే సౌకర్యం) ఆన్ చెయ్యండి. మన దేశంలో ఎయిర్‌టెల్, జియో రెండూ 2019 చివర, 2020 మొదట్లో ఈ సౌకర్యం మొదలుపెట్టాయి. విడిగా డబ్బు తీసుకోరు. నా గదిలో ఎడ్యురోమ్ మీద ఇది చక్కగా నడుస్తోంది, అమ్మ మామూలు నంబరుకి చేసినా కాల్ కలుస్తుంది. అమ్మకి వాట్సాప్ కాల్ కంటే మామూలు కాలే అలవాటు కాబట్టి ఇది మా ఇంట్లో చాలా పెద్ద సుఖం. కొన్ని క్యాంపస్‌ల ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఏర్పాటు) దీన్ని ఆపుతుంది. యూడీపీ 500, 4500 పోర్టులు తెరవమని కంప్యూటర్ సెంటర్‌కి రాస్తే వాళ్ళకి అర్థమవుతుంది.

కుదరని పనులు కూడా ఉన్నాయి. కిండిల్, క్రోమ్‌కాస్ట్, చాలా స్మార్ట్ స్పీకర్లు ఈ తరహా లాగిన్‌ని పట్టుకోలేవు. ఒకే వైఫై మీద ఉన్నా ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా ఫైళ్ళు పంపడం చాలా క్యాంపస్‌లలో కుదరదు. పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా కావాలనే అడ్డం పెడతారు. భద్రత కోసం అది సరైన పనే, కేబుల్ వాడుకోండి.

జర్నల్స్ గురించి చాలామంది పొరపడతారు. ఎడ్యురోమ్ కనెక్ట్ అయితే మన లైబ్రరీ చందాలు ఎక్కడైనా తెరుచుకుంటాయనుకుంటారు. అలా కాదు. బయటి క్యాంపస్‌లో ఉన్నప్పుడు మనకి వచ్చే ఐపీ అడ్రస్ (మనం ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చామో సైట్లకి చూపే నంబరు) అక్కడిది. మన చందా కావాలంటే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలని నెట్‌తో కలిపే కేంద్ర సంస్థ) నడిపే ఇన్‌ఫెడ్ అనే ఉమ్మడి లాగిన్ వ్యవస్థ ద్వారా వెళ్ళాలి. పబ్లిషర్ సైట్లో ఇన్‌స్టిట్యూషన్ లాగిన్ దగ్గర మన యూనివర్సిటీని ఎంచుకోవాలి. వేసవిలో పలాసలో ఇంట్లో కూర్చుని నేను థీసిస్ రెండో చాప్టర్‌కి కావాల్సిన పేపర్లు ఇలాగే తీసుకున్నాను. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చాక 30 పెద్ద పబ్లిషర్ల సుమారు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థల వాళ్ళకి అందుబాటులోకి వచ్చాయి. జిల్లాల్లోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదివే నా స్నేహితులకి ఇది ఎంత మేలో మాటల్లో చెప్పలేను. ఇంతకు ముందు వాళ్ళు ఒక్కో పేపర్ కోసం నాకు మెసేజ్ పెట్టేవాళ్ళు.

గూగుల్ మీద నడిచే యూనివర్సిటీ మెయిల్ గురించి ఒక్క మాట. గూగుల్ 2022లో విద్యాసంస్థలకి అపరిమిత స్టోరేజ్ ఆపేసి సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల ఉమ్మడి పరిమితి పెట్టింది. అందుకే చాలా యూనివర్సిటీలు మనిషికి ఇంత అని కోత పెట్టాయి. చదువు ముగిశాక అకౌంట్ తీసేసే చోట్లు కూడా ఉన్నాయి. డేటా, ఫోటోలు, థీసిస్ డ్రాఫ్టులు ముందే వేరే చోట దాచుకోండి. ఎడ్యురోమ్ కూడా ఆ అకౌంట్‌తోనే పోతుంది.

మొత్తం మీద సేవకి నేను 5కి నాలుగున్నర ఇస్తాను. దాన్ని విద్యార్థులకి పరిచయం చేసే తీరుకి ఒకటిన్నర. ఇది ఒక్క క్యాంపస్ మాట కాదు, వేరే చోట్ల చదివే స్నేహితులు కూడా ఇదే చెప్తున్నారు. అడ్మిషన్ రోజున ఐడీ కార్డు, మెస్ నియమాలు, ఫీజు రసీదు ఇస్తారు. ఎడ్యురోమ్ కాగితం ఉండదు. కంప్యూటర్ సెంటర్లు చెయ్యాల్సిన పని చిన్నది: యాప్‌కి క్యూఆర్ కోడ్, సర్టిఫికెట్ పేరు, డొమైన్ పేరు, సాయం కోసం ఒక నంబరు, ఇవన్నీ ఒక్క పేజీలో తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో వేసి ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించాలి. అదే పేజీని స్క్రీన్ రీడర్ చదవగలిగేలా వెబ్‌సైట్లో కూడా పెట్టాలి. మా హాస్టల్ కమిటీ తరఫున ఈ నెలలో నేను అలాంటి పేజీ ఒకటి రాసి వార్డెన్ మేడమ్‌కి ఇచ్చాను. సర్టిఫికెట్ వివరాలు కంప్యూటర్ సెంటర్ నుంచి రావాల్సి ఉంది. రాగానే ముందు మొదటి సంవత్సరం బ్లాకులో అంటిస్తాం.