లెవెల్ 80 అయ్యాక ఏముంది? గిల్డ్ వార్స్ 2 ఎండ్‌గేమ్ మీద నా రివ్యూ

ముందు నా పాత కడుపుమంట ఒకటి చెప్పేస్తాను. దీనికంటే ముందు ఇంకో ఆన్‌లైన్ గేమ్ ఆడేవాణ్ని, పేరెందుకులెండి. నాలుగు నెలలు వారం తప్పకుండా రెయిడ్లకు (గుంపుగా పెద్ద శత్రువుల మీద చేసే కష్టమైన దాడులకు) వెళ్ళి, రాత్రి ఒంటిగంట దాకా కళ్ళు కాయలు కాసేలా కూర్చుని, చివరికి ఒక కత్తి సంపాదించాను. మూడు వారాలకే కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే గేమ్‌కి అదనపు భాగం, వచ్చింది. అందులో మొదటి ఊళ్ళో, మొదటి క్వెస్ట్‌కి, ఒక అడవిపందిని చంపినందుకు ఇచ్చిన కత్తి నా కత్తి కంటే బాగుంది! ఆ రోజు నుంచి ఏ గేమ్ మొదలుపెట్టినా నేను చూసేది ఒకటే. ఇందులో సంపాదించుకున్నది నా దగ్గర నిలుస్తుందా, లేదా?

గిల్డ్ వార్స్ 2 అనే ఈ ఆన్‌లైన్ గేమ్‌లో నిలుస్తుంది. ఈ రివ్యూలో సగం ఇదే.

2012 ఆగస్టులో గేమ్ వచ్చినప్పుడు ఆఖరి లెవెల్ 80. ఆ తర్వాత అన్ని ఎక్స్‌పాన్షన్లు వచ్చినా ఇప్పటికీ 80యే. గేర్‌లో (ఆయుధాలు, కవచాల్లో) కూడా అంతే, అదే ఏడాది నవంబర్‌లో అసెండెడ్ అనే రకం తెచ్చారు, దాని మీద ఇంకో మెట్టు ఇంతవరకు కట్టలేదు. లెజెండరీ అని పైన ఒకటి ఉంది కానీ దాని బలం కూడా అసెండెడ్‌తో సమానమే. అంటే 2013లో అసెండెడ్ కవచం చేయించుకుని ఆట మానేసినవాడు ఈ రోజు తిరిగొచ్చినా, కొత్త బిల్డ్‌కి (పాత్రని ఆడే పద్ధతికి) తగ్గట్టు స్టాట్స్ (గేర్ ఇచ్చే గుణాలు) మార్చుకుంటే చాలు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నెలనెలా చందా కూడా లేదు కాబట్టి ఆడకపోయినా డబ్బులు పోతున్నాయన్న టెన్షన్ ఉండదు. నేను ఒకసారి దాదాపు ఏడాది మానేసి వచ్చాను, గిల్డ్‌లో (మా ఆటగాళ్ళ బృందంలో) పేర్లు మారాయి గానీ నా బ్యాగ్‌లో ఏదీ చెత్త కాలేదు.

మరి నంబర్ పెరగనప్పుడు ఎందుకు ఆడాలి అంటారా? నేనూ మొదటి నెల అదే అనుకున్నాను. 80 కొట్టి, మంచి గేర్ వేసుకుని, ఇంకేముంది అని దిక్కులు చూశాను. నిజానికి ఈ గేమ్‌లో లెవెల్ ఆగిపోయాక పెరిగేది బలం కాదు, చేతనయ్యే పనులు. 2015లో వచ్చిన హార్ట్ ఆఫ్ థార్న్స్ ఎక్స్‌పాన్షన్‌తో గాల్లో తేలడం, 2017 పాత్ ఆఫ్ ఫైర్‌తో మౌంట్లు (ఎక్కి తిరిగే జంతువులు), ఇలా. వీటిలో నాకు బాగా గుర్తుండిపోయింది స్కైస్కేల్ అనే ఎగిరే డ్రాగన్ మౌంట్. 2019లో అది వచ్చినప్పుడు పిల్ల డ్రాగన్‌ని మనమే పెంచాలి, దానికి మేత వెతికి పెట్టాలి, బంతి విసిరి ఆడించాలి. మ్యాప్ మ్యాప్‌కీ తిరిగి సరుకులు ఏరుకోవాలి. మధ్యలో బాగా విసుగొచ్చింది, అబద్ధం చెప్పను. కానీ అది మొదటిసారి ఎగిరి, అంతకుముందు గంటసేపు ఎక్కలేక పడిపోయిన కొండ మీద దర్జాగా వాలినప్పుడు, ఏ రెయిడ్ బాస్ ఇచ్చిన కత్తీ ఇవ్వని సంతోషం కలిగింది. ఇప్పుడు సీక్రెట్స్ ఆఫ్ ది అబ్‌స్క్యూర్ అనే ఎక్స్‌పాన్షన్ కొన్నవాళ్ళకి అది చాలా తేలిగ్గా దొరుకుతుంది, మా కష్టం వాళ్ళకి తెలియదు, పోనీలెండి.

ఇక మెటా ఈవెంట్లు, అంటే ఒక మ్యాప్‌లో ఉన్నవాళ్ళంతా కలిసి చేసే పెద్ద పోరాటాలు. నన్నడిగితే అసలు ఎండ్‌గేమ్ అక్కడే ఉంది. ఆరిక్ బేసిన్ మ్యాప్‌లో రెండు గంటలకోసారి టారిర్ అనే బంగారు కోట మీద దాడి జరుగుతుంది. నాలుగు వైపులా నాలుగు ఆక్టోవైన్లు (పెద్ద రాక్షస తీగలు), ఒక్కోదాని రక్షణ పొర తీసే పద్ధతి ఒక్కోలా ఉంటుంది, నాలుగూ కాస్త అటూ ఇటుగా ఒకేసారి చావాలి. కాబట్టి మ్యాప్ చాట్ అంతా "నార్త్ పది శాతం, ఆపాం", "సౌత్‌కి మనుషులు కావాలి", "ఈస్ట్ వాళ్ళు కొట్టడం ఆపండి బాబూ" అని నడుస్తూ ఉంటుంది. ఆపమన్నా ఆపకుండా ముందే చంపేసేవాడు ప్రతి మ్యాప్‌లో ఒకడుంటాడు. ఒకసారి ఆ ఒకడు నేనే. ఆటో అటాక్ పెట్టేసి పక్కన వీడియో చూస్తున్నాను, తల తిప్పేసరికి మా ఆక్టోవైన్ నేలకూలింది, కమాండర్ ఒక్క ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. అదృష్టం కొద్దీ మిగతా మూడు వైపుల వాళ్ళు పరుగున ముగించేశారు. గెలిచాక అందరూ ఒక్కసారిగా కోట కింద ఖజానాలోకి దూకి, తాళాలు పట్టుకుని పెట్టె పెట్టెకీ పరిగెత్తడం చూడాలి, పెళ్ళి భోజనాల్లో మొదటి బంతికి ఎగబడ్డట్టే ఉంటుంది.

పెట్టెల్లో ఏముంటుంది అంటే, నూటికి తొంభై సార్లు నీలం, ఆకుపచ్చ రంగు గుర్తున్న చవకరకం వస్తువులు. ఇది ఈ గేమ్‌కి ఉన్న పెద్ద లోపం. ఒళ్ళు జలదరించే డ్రాప్ అనేది చాలా అరుదు. గంట ఆడితే పావుగంట బ్యాగ్ ఖాళీ చేసుకోవడమే, విడగొట్టు, దాచు, అమ్ము, మళ్ళీ విడగొట్టు. పోనీ షోకు కోసమైనా ఆడదామంటే, చూడగానే కావాలనిపించే డ్రెస్సులు చాలా వరకు జెమ్ స్టోర్‌లో (అసలు డబ్బుతో కొనే జెమ్స్ చెల్లించే దుకాణంలో) ఉంటాయి. గోల్డ్‌తో జెమ్స్ మార్చుకోవచ్చు, నిజమే, కానీ అప్పుడు అది ఆటలా కాకుండా ఉద్యోగంలా అనిపిస్తుంది.

లెజెండరీ సంగతీ చెప్పాలి. నేను ట్వైలైట్ చేశాను, బ్లేడ్‌లో రాత్రి ఆకాశం కనిపించే పెద్ద కత్తి. దానికి మిస్టిక్ క్లోవర్లు అనే సరుకు 77 కావాలి. మిస్టిక్ ఫోర్జ్‌లో (వస్తువులు కలిపి కొత్తవి చేసే చోట) వేరే సరుకులు వేస్తే దాదాపు మూడింట ఒకసారి వస్తాయి, నాకు ఒకరోజు వరసగా పదిసార్లు వేస్తే ఒకటి వచ్చింది. ఇప్పుడు కొన్ని విజార్డ్స్ వాల్ట్‌లో (రోజువారీ, వారం పనులకు బహుమతులిచ్చే చోట) తీసుకోవచ్చు కాబట్టి ఇంత ఏడుపు ఉండదు. దీనికి తోడు పాత ప్రపంచం మొత్తం తిరిగి మ్యాప్ పూర్తి చేయాలి, వరల్డ్ వర్సెస్ వరల్డ్‌లో (ఆటగాళ్ళ పెద్ద జట్ల మధ్య యుద్ధంలో) ఆడి గిఫ్ట్ ఆఫ్ బాటిల్ తెచ్చుకోవాలి. ఆ గిఫ్ట్ కోసం తిట్టుకుంటూ వెళ్ళినవాణ్ని, అది చేతికొచ్చాక కూడా రెండు వారాలు అక్కడే ఉండిపోయాను! ఇంతా చేస్తే బలం ఒక్క పాయింట్ పెరగలేదు. ఎప్పుడంటే అప్పుడు స్టాట్స్ మార్చుకోవచ్చు, 2021లో వచ్చిన లెజెండరీ ఆర్మరీ వల్ల నా పాత్రలన్నీ అదే కత్తి వాడుకోవచ్చు, అంతే. నాకు అది చాలు. మీకు చాలకపోవచ్చు.

చాలనివాళ్ళు ఎవరంటే, ఐదుగురో, పదిమందో కలిసి ఆడే కష్టమైన పోరాటాలే ప్రాణంగా బతికేవాళ్ళు. ఐదుగురు వెళ్ళే ఫ్రాక్టల్స్ 100 లెవెళ్ళ దాకా ఉన్నాయి, బాగుంటాయి, కానీ రోజూ తిరిగేవాళ్ళకి కొన్నాళ్ళకి గోడలు కూడా గుర్తుపట్టేంత పరిచయమైపోతాయి. రెయిడ్ల విషయంలో అయితే 2019 జూన్‌లో ఏడో వింగ్ (రెయిడ్ భాగం) వచ్చాక ఎనిమిదోది 2024 నవంబర్‌లో గానీ రాలేదు. మధ్యలో స్ట్రైక్ మిషన్లు (రెయిడ్ కంటే చిన్న బాస్ పోరాటాలు) ఇచ్చారు, ఆకలికి చిరుతిండిలా. పైగా రెయిడ్ గ్రూపుల్లో కొత్తవాణ్ని అంత తేలిగ్గా చేర్చుకోరు, నేర్పించే గిల్డ్ ఒకటి వెతుక్కోవాల్సిందే. పీవీపీలో (ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోరాడే ఆటలో) అందరికీ ఒకే బలం ఇస్తారు, నాకు చేతకాదు కాబట్టి దాని గురించి మాట్లాడను.

ఇంకోటి, ఇక్కడ "తర్వాత ఇది చెయ్" అని ఎవరూ చెప్పరు. లాగిన్ అయ్యి బ్యాంక్ దగ్గర నిలబడి, ఏం చేయాలో తోచక లాగౌట్ అయిన రోజులు నాకే చాలా ఉన్నాయి. ఏదో ఒక మౌంటో, కత్తో, మ్యాపో మనమే పెట్టుకోవాలి లక్ష్యంగా.

ఆడి చూద్దాం అనుకుంటే అసలు గేమ్ 2015 నుంచి ఫ్రీ, కొన్ని పరిమితులతో 80 దాకా ఆడుకోవచ్చు. నచ్చితే పాత్ ఆఫ్ ఫైర్ కొనండి, హార్ట్ ఆఫ్ థార్న్స్ కూడా దాంతోనే వస్తుంది, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. దాంతో ఇచ్చే లెవెల్ 80 బూస్ట్‌ని (పాత్రని ఒక్కసారిగా 80కి చేర్చేదాన్ని) మాత్రం మొదటి పాత్రకు వాడకండి. నేను వాడాను, వారం రోజులు ఏ బటన్ ఎందుకు నొక్కుతున్నానో తెలియకుండానే తిరిగాను.