కడప నుంచి సముద్రానికి: అలలకన్నా ముందు ఒడ్డు చూడండి

కడప నుంచి సముద్రానికి దగ్గరి దారులు రెండు. బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు సుమారు 150 కిలోమీటర్లు, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే మైపాడు. లేదంటే రేణిగుంట మీదుగా రైలెక్కి చెన్నై మెరీనా. రెండిట్లో ఏది మేలని అడిగే ముందు నీళ్లలో దిగడానికి పోతున్నారా, గాలికి తిరగడానికా అన్నది తేల్చుకోవాలి.

మెరీనా పుట్టిందే షికారు కోసం. మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ 1884లో ఆ ఒడ్డు వెంట నడకబాట వేయించి, ఆ పేరు పెట్టాడు. దానికి ఉత్తరాన హార్బరు కట్టాక, దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక గోడ దగ్గర ఆగి పేరుకుపోయి, ఒడ్డు ఇంత వెడల్పయింది. రోడ్డు దిగి అలల దాకా పోవాలంటే ఇసుకలో చాలాసేపు నడవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టమే. స్నానానికి పోలీసులు ఒప్పుకోరు; లోపలికి లాగే ప్రవాహాలు అక్కడ బలంగా ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటాక పోయి, సుండల్ (శనగ గుగ్గిళ్లు) తిని, చీకటి పడ్డాక తిరిగి రావడానికైతే దాన్ని మించింది లేదు.

స్నానం కావాలంటే మైపాడే నయం. అక్కడ పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉంది. గది ఎక్కడ తీసుకున్నా డబ్బు కట్టే ముందు కుళాయి తిప్పి సబ్బు రుద్ది చూడండి. నురగ రాకపోతే బోరులోకి ఉప్పునీరు ఎక్కి ఉండొచ్చు. ఆ నీళ్లతో తల రుద్దుకుంటే జిడ్డు వదలదు. కిటికీ గొళ్లాలు, ఏసీ బయటి పెట్టె తుప్పు పట్టాయేమో చూడండి. ఉప్పుగాలికి ముందు పాడయ్యేవి అవే. కరెంటు పోతే జనరేటరు ఏసీకి కూడా ఇస్తారా, ఫ్యాన్లకేనా అన్నది నోరు తెరిచి అడగాలి.

గది తీసుకోకుండా పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లకు అసలు ఇబ్బంది బట్టలు మార్చుకునే చోటు, ముఖ్యంగా ఆడవాళ్లకు. ఇది పాత సమస్యే. మనకు సముద్రస్నానం పర్వదినాల పుణ్యం. ఇంగ్లండులో అది వైద్యంగా ఊపందుకుంది. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు ఒంట్లోని గ్రంథుల జబ్బులకు సముద్రపు నీళ్లు మందని రాశాడు. రోగులు వచ్చారు, మరి విప్పుకునేదెక్కడ? చక్రాల మీద చెక్కగది చేసి గుర్రంతో నీళ్లలోకి లాగించేవాళ్లు. లోపల బట్టలు మార్చుకుని, మెట్ల మీదుగా నేరుగా అలల్లోకి దిగడమే. ఆ తర్వాత రైలు వచ్చింది, 1841లో బ్రైటన్‌కు, 1846లో బ్లాక్‌పూల్‌కు. మిల్లు కూలీలు కుటుంబాలతో దిగేసరికి సముద్రంలోకి పొడుగాటి వంతెనలు, వాటి మీద బ్యాండు మేళాలు, 1894లో బ్లాక్‌పూల్ టవరు, అన్నీ లేచాయి. జనాన్ని రప్పించింది నీళ్లయితే, నిలబెట్టింది ఒడ్డు మీది ఏర్పాట్లు. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్‌ను 2020లో పొందిన విశాఖ రుషికొండలోనూ నీళ్ల శుభ్రతతో పాటు ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి: బట్టలు మార్చుకునే గదులు, మంచినీటి షవర్లు, కాపలా ఉండే ఈతగాళ్లు.

ఆ సౌకర్యం లేని చోటికి పోయేటప్పుడు నలుగురికి రెండు ఇరవై లీటర్ల క్యాన్లు, ఒక మగ్గు, బట్టలు మార్చుకునేటప్పుడు అడ్డు కట్టడానికి పాత దుప్పటి కారులో వేసుకోండి. కారును మెత్తటి ఇసుకలోకి దించొద్దు. చక్రం కూరుకుపోయాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోతుకు పోతుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించి, చక్రం ముందు ఇసుక తవ్వి, మెల్లగా కదిలించాలి.

చెరువు ఈత వచ్చినవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. అలలు విరిగే వరుసలో ఒకచోట మాత్రం నురగ లేకుండా, నల్లగా, నెమ్మదిగా కనిపిస్తే అక్కడే దిగాలనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పోయే కాలువ అదే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితోపాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు నడుము లోతు దాటొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరానికి తుపాన్ల కాలం కాబట్టి ప్రయాణం జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకుంటే మంచిది.