1966 మస్టాంగ్ స్టీరింగ్ సామాన్లు: ఆరేళ్లు, 14,000 మైళ్ల తర్వాత

స్పీడు 60 మైళ్లు దాటితే మా పాత ఫోర్డ్ కారు, మస్టాంగ్, ఒక లేన్‌లో కుదురుగా ఉండేది కాదు. స్టీరింగ్‌ను రెండు అంగుళాలు తిప్పినా చక్రాలు పలికేవి కావు, ఆ తర్వాత ఒక్కసారిగా పలికేవి. పక్కన పద్దెనిమిది చక్రాల ట్రక్కు వస్తోందంటే అరచేతులకు చెమట పట్టేది. 2018లో కొన్న దగ్గర్నుంచి ఏడాదంతా ఆ టెన్షన్‌తోనే నడిపాను. 2019 వేసవిలో స్టీరింగ్ లింకేజీ, అంటే స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల దాకా ఉండే కడ్డీలూ కీళ్లూ, మొత్తం మార్చాను. ఈ ఆరేళ్లలో ఏ సామాను నిలిచింది, ఏది నిలవలేదు, నేనెక్కడ పొరపాటు చేశాను అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పాత ఫోర్డ్‌తో ఇదే అవస్థ పడుతున్నవాళ్లకు పనికొస్తుంది.

బండి 1966 కూపే, ఎనిమిది సిలిండర్ల 289 వీ8 ఇంజిన్, మాన్యువల్ స్టీరింగ్. మేముండేది డాలస్ పక్కన ప్లానోలో. ఒక్క విషయం ముందే చెప్పాలి. ఆ ఏడాది మస్టాంగ్‌లన్నింటికీ ఒకే సామాను సరిపోదు. ఆరు సిలిండర్ల బండికి వేరు, వీ8కి వేరు, పవర్ స్టీరింగ్ ఉంటే మళ్లీ వేరు. మధ్యలో ఎవరైనా ఇంజిన్ మార్చి ఉంటే ఒక్కో ముందు చక్రానికి ఎన్ని బోల్టులున్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే ఆరు సిలిండర్ల బండి, అయిదుంటే వీ8. అది చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

అందరిలాగే నేనూ స్టీరింగ్ బాక్సే, అంటే స్టీరింగ్ షాఫ్ట్ కింద ఉండే గేర్ల పెట్టే, పోయిందనుకున్నాను. రీబిల్డ్ చేసిన బాక్సు కోసం ధరలు కూడా అడిగాను. సరిగ్గా అప్పుడే మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల పని చేసినవారు. బండిని మా వీధి చివరిదాకా నడిపి వచ్చి ఆయనన్న మాట: "అల్లుడు గారూ, బాక్సు జోలికి అప్పుడే పోకండి. కింద కీళ్లన్నీ చేత్తో పట్టుకుని చూడండి. నేను తిప్పుతుంటాను."

ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించాం. జాకీ మీద లేపితే చక్రాల మీద బరువు ఉండదు, ప్లే, అంటే కీళ్లలో ఉన్న వదులు, సరిగా బయటపడదు. ఇంజిన్ ఆపి ఆయన సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకూ కుడికీ కదుపుతున్నారు. నేను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద రెండు వేళ్లు పెట్టి చూస్తున్నాను. బాక్సు నుంచి దిగే పిట్‌మన్ ఆర్మ్, ఆయన లారీ భాషలో డ్రాప్ ఆర్మ్, ఆలస్యం లేకుండా కదులుతోంది. ఎడమ వైపు టై రాడ్ ఎండ్‌లో, అంటే చక్రాన్ని తిప్పే కడ్డీ కొసన ఉండే కీలులో, కాస్త వదులు. కుడి వైపుకు వచ్చేసరికి అసలు జబ్బు దొరికింది. రెండు వైపుల టై రాడ్‌లనూ కలిపే అడ్డ కడ్డీ, సెంటర్ లింక్, దాని కుడి కొస పక్కకు జరగడానికి ముందు అర అంగుళం పైకి లేచి, కింద పడి, అప్పుడు జరుగుతోంది. దాన్ని మోసే ఐడ్లర్ ఆర్మ్‌లో రబ్బరు బుష్ పూర్తిగా చితికిపోయి, వేలు పెడితే నల్లటి పొడి రాలింది.

ఐడ్లర్ ఆర్మ్ చూడ్డానికి చిన్నదే. కానీ సెంటర్ లింక్‌కు ఎడమన పిట్‌మన్ ఆర్మ్ ఆధారమైతే కుడిన ఇదొక్కటే ఆధారం. ఆ కొస లేచి పడుతుంటే టై రాడ్ కోణం మారుతుంది, దాంతో చక్రం కొద్దిగా లోపలికో బయటికో తిరుగుతుంది. రోడ్డు మీద ప్రతి గతుకుకూ ఇదే జరుగుతుంటే బండి లేన్‌లో ఎలా నిలుస్తుంది?

ఐడ్లర్ ఆర్మ్, సెంటర్ లింక్, లోపలి, బయటి టై రాడ్ ఎండ్‌లు నాలుగు, వాటిని కలిపే స్లీవ్‌లు తెప్పించాను. అన్నీ కలిపి 350 డాలర్ల లోపే అయ్యాయి. జాయింట్లను లాగి విడదీసే పుల్లర్‌ను స్పేర్ పార్ట్స్ షాపువాళ్లు డిపాజిట్ కట్టించుకుని ఇచ్చారు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి ఇచ్చేశారు. జాయింట్లు విడదీయడానికి ఫోర్క్ లాంటి పనిముట్టు కూడా ఉంటుంది గానీ అది జాయింట్లను కప్పే రబ్బరు బూట్లను చింపేస్తుంది. పారేసే సామాను మీదైతే పర్వాలేదు, ఉంచుకునే దాని మీద వాడొద్దు. పాత టై రాడ్‌లు విప్పే ముందు ఎన్ని మరలు బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాసుకున్నాను. స్లీవ్‌కు ఒక కొస కుడి మర, రెండోది ఎడమ మర. నట్టు వదులు కాకుండా దూర్చే కోటర్ పిన్ రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి మాత్రం వదలకూడదు.

ఇక నా పొరపాటు. ఐడ్లర్ ఆర్మ్ నట్టుకు పానా బాగా అందుతుందని చక్రాలను ఎడమకు తిప్పి ఉంచి బిగించేశాను. బుష్ రబ్బరుది. ఏ స్థితిలో బిగిస్తే ఆ స్థితికే వెనక్కి లాగుతుంది. రోడ్డెక్కితే బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. టైర్లు మార్చి చూశాను, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చూశాను. రెండు వారాలు తల పట్టుకున్నాక మామయ్యగారికి ఫోన్‌లో వివరంగా చెబితే, "చక్రాలు తిన్నగా పెట్టి బిగించారా?" అని ఒక్కటే అడిగారు. ఆయన అప్పటికి మా బావమరిది ఇంటికి న్యూజెర్సీ వెళ్లారు. నట్టు వదులు చేసి, చక్రాలు తిన్నగా పెట్టి, మళ్లీ బిగించాను. ఆ సాయంత్రమే లాగడం ఆగిపోయింది.

స్టీరింగ్ బాక్సును విప్పలేదు. 1966 మోడల్లో స్టీరింగ్ షాఫ్ట్, బాక్సు కలిసే ఉంటాయి, బయటికి తీయడం పెద్ద పని. సెంటర్ లింక్ విప్పి ఉన్నప్పుడే, బరువు లేకుండా, బాక్సు మీది సర్దుబాటు స్క్రూను పావు తిప్పు బిగించాను. తిన్నగా ఉండే చోట చేతికి సన్నని పట్టు తెలియాలి, అంతే. ఎక్కువ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు, లోపల పళ్లు కూడా అరుగుతాయి. నాకు ఆ పావు తిప్పు చాలింది.

అలైన్‌మెంట్, అంటే ముందు చక్రాల కోణాలు సరిచేయడం, గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొత్త సామాన్లు వేసినా సగం ఫలితం ఇక్కడే ఉంది. మొదట వెళ్లిన షాపులో కంప్యూటర్‌లో ఉన్న 1966 నాటి కొలతలే పెట్టారు. ఆ కొలతలు అప్పటి బయాస్ ప్లై టైర్లకు. ఇప్పుడు మనం వేసేవి రేడియల్స్. కాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలే కోణం, దాదాపు సున్నా ఉండటంతో బండి హైవే మీద ఇంకా తేలుతున్నట్టే ఉంది. రెండోసారి పాత బండ్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. 1965, 66 బండ్లలో పై కంట్రోల్ ఆర్మ్ వెనక సన్నని రేకులు, అంటే షిమ్‌లు, పెట్టి తీసి కాస్టర్, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సరిచేయాలి. ఓపిక కావాల్సిన పని. పాజిటివ్ కాస్టర్ రెండు డిగ్రీలు, నెగెటివ్ క్యాంబర్ అర డిగ్రీ, టో ఇన్ (చక్రాల ముందు కొసలు ఒకదాని వైపు ఒకటి తిరగడం) అంగుళంలో ఎనిమిదో వంతు పెట్టించుకున్నాను. బయటికి రాగానే తేడా తెలిసింది. పార్కింగ్‌లో స్టీరింగ్ ఇదివరకటి కన్నా బరువైంది, అది ఒప్పుకోవాలి. నాకది సమ్మతమే.

నిలవనిది ఒక్కటే, బయటి టై రాడ్ ఎండ్‌లు. చవకలో వచ్చిన సెట్‌వి. టెక్సస్ ఎండకు రెండేళ్లకే బూట్లు పగిలి గ్రీజు బయటికి కక్కాయి, దుమ్ము లోపలికి పోయి ఎడమ దానిలో మళ్లీ ప్లే వచ్చింది. 2021లో వాటి స్థానంలో మోగ్ కంపెనీవి వేశాను. ధర రెట్టింపు, కానీ నాలుగేళ్లయినా బూట్లు మెత్తగానే ఉన్నాయి. లోపలి ఎండ్‌లు మాత్రం ఆ చవక సెట్‌వే ఇప్పటికీ బాగానే ఉన్నాయి, ఎండ తగలనందుకేమో. ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ అన్నింటికీ గ్రీజు కొడతాను. బూటు కొద్దిగా ఉబ్బగానే గ్రీజు గన్ ఆపేయాలి, ఇంకా కొడితే బూటు చిరుగుతుంది.

ఇప్పుడు స్టీరింగ్ చక్రం అంచున ప్లే ముప్పావు అంగుళం. ముందు టైర్లు సమానంగా అరుగుతున్నాయి. మా ఆవిడ ఒకప్పుడు ఈ బండిలో హైవే మీదికి రానంటే రాననేది. పోయిన మార్చిలో ఆస్టిన్ దాకా తనే నడిపింది, మధ్యలో నాకు ఇవ్వలేదు.

గత నెల గ్రీజు కొడుతూ టార్చి వేసి చూస్తే ఐడ్లర్ ఆర్మ్ రబ్బరు అంచున సన్నని పగుళ్లు కనిపించాయి. ప్లే ఇంకా రాలేదు. అయినా ఈసారి రబ్బరుది వద్దనుకుని, లోపల బేరింగ్ ఉన్న రకం తెప్పించాను. డిసెంబరులో మామయ్యగారు వస్తున్నారు. డబ్బా విప్పకుండా గరాజ్ షెల్ఫ్ మీద పెట్టి ఉంచాను.