చిన్న కారు కరెంటు పని: ఇంట్లోనా, షెడ్డులోనా, షోరూములోనా?

మా కారు మూడు నెలల పాటు నన్ను ఏడిపించింది. రెండు రోజులు ఇంటి ముందు ఊరికే ఉంటే చాలు, మూడో రోజు పొద్దున తాళం తిప్పగానే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. సెల్ఫ్ తీసుకోదు. బ్యాటరీ పాతదైపోయిందన్నారు; కొత్తది వేయించాను. మళ్లీ అదే కథ. డైనమో చూడమన్నారు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు చూపించింది, అంటే చార్జింగులో లోపం లేదు. ఇక ఎవరిని అడిగినా లాభం లేదని నాలుగు వందలు పెట్టి మల్టీమీటరు (వోల్టులూ కరెంటూ కొలిచే మీటరు) కొని, ఒక ఆదివారం బానెట్ ఎత్తాను.

లోపలి ఫ్యూజులు పీకాలంటే తలుపు తెరిచి ఉంచాలి. అందుకని తలుపు స్విచ్చిని ముందే టేపుతో నొక్కిపెట్టాను. లేకపోతే లోపల వెలిగే దీపమే లెక్కను చెడగొడుతుంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టాను. నిద్రపోతున్న కారు 50 మిల్లీ ఆంపియర్లకు మించి తాగకూడదు. నాది 400 తాగుతోంది! 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఈ లెక్కన నాలుగు రోజులు తిరక్కుండానే అడుగంటుతుంది. సెల్ఫ్ తిప్పే సత్తా అంతకు చాలా ముందే పోతుంది. ఒక్కొక్క ఫ్యూజూ పీకుతూ పోతే, స్టీరియో ఫ్యూజు దగ్గర అంకె 20కి పడిపోయింది.

అంతకు కొన్నాళ్ల ముందే ఒక దుకాణంలో టచ్ స్క్రీను పెట్టించాను. బయట కొనే స్టీరియోలకు మామూలుగా రెండు సరఫరా తీగలుంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి. నాకు పెట్టిన కుర్రాడు రెండింటినీ కలిపి మెలిపెట్టి, టేపు చుట్టి, డాష్‌బోర్డు వెనక్కి తోసేశాడు. స్క్రీను ఆరిపోయినా లోపల సెట్టు మేలుకొనే ఉంటోంది. ఎర్ర తీగను విడదీసి సిగరెట్ లైటర్ సరఫరాకు మార్చడం అరగంట పని. దానికోసం నేనొక కొత్త బ్యాటరీ కొన్నాను.

(ఈ పరీక్ష చేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మీటరు అలా మధ్యలో ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పకూడదు. సెల్ఫ్ మోటారు నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది, 10 ఆంపియర్ల మీటరు ఏపాటి?)

ఆ తర్వాత మా ఇంట్లో, బంధువుల్లో నేనొక కరెంటు వైద్యుణ్ణయిపోయాను. అందరిదీ ఒకటే ప్రశ్న. ఇది మనమే చేసుకోవచ్చా, షెడ్డుకు తీసుకెళ్లాలా, షోరూముకే ఇవ్వాలా? పని కష్టమా సులువా అన్నది చూసి నిర్ణయించుకుంటారు చాలామంది. నేను చూసేది వేరు. కంపెనీ వేసిన తీగను కోయాల్సి వస్తుందా? కోస్తే ఆ తీగ దేనికి పోతోంది? కోయకుండా కప్లరుకు కప్లరు (తీగల చివర ఒకదానిలో ఒకటి దిగే ప్లాస్టిక్ ముక్క) కలిసే పనులన్నీ ఇంట్లోవే. కోసినా దీపానికో హారనుకో పోయే తీగ అయితే ఇంట్లోనూ చేయవచ్చు, మంచి షెడ్డులోనూ చేయించవచ్చు. ఎయిర్‌బ్యాగుకో, ఇంజను కంప్యూటరుకో పోయే తీగ అయితే చేతులు వెనక్కి కట్టుకోవాలి.

ముందు హెడ్‌లైట్ల సంగతి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. చిన్న కార్లలో మామూలుగా ఉండేది 60/55 వాట్ల (హైబీమ్‌కు 60, డిమ్‌కు 55) హెచ్4 హాలోజన్ బల్బు. రాత్రి హైవే మీద వెలుతురు చాలదు, నిజమే. దుకాణానికి వెళితే రెండు మందులు చూపిస్తారు. ఒకటి 100/90 వాట్ల బల్బు, రెండోది ఎల్‌ఈడీ. మొదటిది నిజంగా ప్రమాదం. రెండు బల్బుల హైబీమ్ కలిపి 200 వాట్లు, అంటే 12 వోల్టుల మీద దాదాపు 17 ఆంపియర్లు. కంపెనీ తీగలు, స్టీరింగు పక్కనున్న స్విచ్చి 10 ఆంపియర్ల లెక్కన చేసినవి. కొన్నాళ్లకు బల్బు వెనక కప్లరు గోధుమరంగుకు తిరిగి, మాడు వాసన వేస్తుంది. ఫ్యూజు ఎగిరిపోతోందని ఇంకా పెద్దది వేసే మహానుభావులూ ఉన్నారు. అప్పుడు ఫ్యూజు చేయాల్సిన పని తీగ చేస్తుంది, అదే కాలుతుంది.

ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తాగుతుంది, తెల్లగా మెరుస్తుంది, పగలు దుకాణం గోడ మీద చూపిస్తే ఎవరైనా పడిపోతారు. కానీ మన రిఫ్లెక్టరు గిన్నెను లెక్క కట్టింది హాలోజన్ బల్బులోని సన్నని ఫిలమెంటు ఉండే చోటును బట్టి. వెలుగు పుట్టే చోటు రవ్వంత మారినా కాంతి ఎటుబడితే అటు చెదురుతుంది. డిమ్‌లో పెట్టినా ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్ముతాయి; మనకేమో బండి ముందు పది గజాలు పాలు పోసినట్లు, దూరం మాత్రం మసక. ఎల్‌ఈడీకే పుట్టిన దీపాల సంగతి వేరు. హాలోజన్ గిన్నెలో ఎల్‌ఈడీని దూర్చడం గురించే నేను మాట్లాడుతున్నది. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

మూడో మందును దుకాణంలో ఎవరూ చూపించరు, అందులో మెరుపేమీ లేదు కాబట్టి. రిలే (చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) లేని పాత చిన్న కారులో హెడ్‌లైట్ల కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి, స్టీరింగు దగ్గరి స్విచ్చి దాకా వచ్చి, మళ్లీ ముందుకు పోతుంది. సన్నని తీగలు, అరిగిన స్విచ్చి, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే అతుకు). దారి పొడవునా వోల్టేజి కారిపోతుంది. ఇంజను తిరుగుతూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు కప్లరు వెనక ఒకసారి కొలిచి చూడండి. తేడా అర వోల్టుకు లోపుంటే మీ వైరింగు ఆరోగ్యంగా ఉన్నట్లు. ఒక వోల్టు దాటితే బల్బుది తప్పు కాదు. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం పడిపోతుంది.

రిలే హార్నెస్ (రిలేతో కూడిన తీగల కట్ట) వేస్తే బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు తీగ నేరుగా బల్బుకు వస్తుంది. పాత తీగ రిలేకు ‘వెలిగించు’ అని చెప్పే సైగగా మాత్రమే మిగులుతుంది. రిలే కాయిలు తాగేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. రిలే మీద 30 అని రాసి ఉన్న కాలు బ్యాటరీ వైపు, 87 బల్బు వైపు, 85, 86 కాయిలువి. హెచ్4 కప్లర్లతో సిద్ధంగా దొరికే సెట్టు కొంటే ఒక్క తీగ కూడా కోయనక్కరలేదు. పాత కప్లరు సెట్టులో దిగుతుంది, సెట్టు కప్లర్లు బల్బులకు దిగుతాయి. ఎర్త్ తీగలను రంగు గీకిన శుభ్రమైన ఇనుము మీద బిగించాలి, పెయింటు మీద కాదు. అదే 60/55 బల్బు, ఒక మధ్యాహ్నం పని. మూడింటిలో నా ఓటు దీనికే, అందులోనూ ఇంట్లో చేసుకోవడానికే.

జంట హారనుకూ ఇదే సూత్రం. రిలే లేకుండా పెట్టవద్దు. రివర్స్ కెమెరా కూడా ఇంటి పనే. దానికి సరఫరా వెనక రివర్స్ లైటు నుంచి తీసుకుంటే చాలు. వీడియో తీగను కార్పెట్ కింద ముందుకు తేవడానికి ఓపిక కావాలి, తెలివి కాదు. తీగలు కలిపేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం మానండి. మన ఎండలకు టేపు జిగురు కారి ఊడిపోతుంది. సోల్డరు చేసి హీట్ ష్రింక్ గొట్టం (వేడికి బిగుసుకునేది) తొడగడమో, సరైన ప్లయరుతో క్రింప్ చేయడమో (లోహపు తొడుగును నొక్కి బిగించడమో) మేలు.

సెంట్రల్ లాకింగు దగ్గర నేను షెడ్డు వైపు మొగ్గుతాను. నాలుగు తలుపుల ప్యాడ్లు విప్పాలి, తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి తీగలు లాగాలి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఆ తీగలు వంగుతాయి, కాబట్టి అక్కడ అతుకు ఉండకూడదు. రోజుకు రెండు కార్లకు ఈ పని చేసే చేయి గంటన్నరలో ముగిస్తుంది. నాకు ఆదివారం పోయి, ప్యాడు క్లిప్పులు నాలుగు విరిగి, ఒక తలుపు ఇప్పటికీ గలగలమంటుంది. పవర్ విండోలు ఇంకో మెట్టు పైన. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇదే పనిగా పెట్టుకున్నవారు ఉన్నారు. వెళ్లినప్పుడు ‘ఎంత తీసుకుంటారు’ అనే ముందు ‘ఫ్యూజు ఎక్కడ పెడతారు, తీగ ఎలా అతుకుతారు’ అని అడగండి. ఆ ప్రశ్నకు నవ్వేవాడి దగ్గర కారు వదలవద్దు.

షోరూము ఖరీదు ఎక్కువ, పైగా చిన్న లోపానికి మొత్తం హార్నెస్ మార్చాలంటారు. అయినా వారంటీ ఉన్న కారైతే అక్కడికే పోవాలి. మనం కోసిన తీగ వల్ల మంట పుడితే బీమా వాళ్లు ఆ కోతనే చూపించి పేచీ పెట్టవచ్చు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది కాబట్టి, కొత్త కారు స్టీరింగు కింద పసుపు కప్లర్లు కనిపిస్తాయి. అవి ఎయిర్‌బ్యాగువి. అక్కడ టెస్టు ల్యాంపు పెట్టి ‘కరెంటు వస్తోందా’ అని చూడటం ఎంత తెలివితక్కువో చెప్పలేను. ల్యాంపు గుండా పోయే కరెంటే బ్యాగును పేల్చవచ్చు. పాత కారు, వారంటీ ముగిసింది, ఎయిర్‌బ్యాగు లేదు అంటే షోరూము అవసరం నాకు పెద్దగా కనిపించదు.

పోయిన వారం నెల్లూరు నుంచి మా బావమరిది ఫోను చేశాడు. “బావా, ఎల్‌ఈడీ బల్బులు చూశాను, తీసుకోమంటావా?” అన్నాడు. ముందు బ్యాటరీ దగ్గర, కప్లరు దగ్గర కొలిచి చెప్పమన్నాను. సాయంత్రం మళ్లీ చేశాడు. తేడా 1.4 వోల్టులట. ఎల్‌ఈడీల మాట మళ్లీ ఎత్తలేదు గానీ, రిలే సెట్టు బిగించడానికి ఈ ఆదివారం నన్నే రమ్మంటున్నాడు.