మూడేళ్లుగా చేతిలో ఉన్న కోటింగ్ గేజ్

నల్లగొండలో మాది చిన్న పౌడర్ కోటింగ్ షెడ్డు, అంటే లోహం మీద రంగు పొడి కొట్టి, వేడితో కరిగించి పూత పట్టించే పని. గేట్లు, కిటికీ గ్రిల్స్, రైస్ మిల్లుల నుంచి వచ్చే గార్డులు, ఇదే పని. ఆ పూత మందం కొలిచే గేజ్ కొని మూడేళ్లు దాటింది. అంతకుముందు గోటితో గీకి, వెలుతురుకు పట్టి చూసి సరిపోయిందనుకునేవాళ్లం.

కొన్న వారంలోనే మా బండారం బయటపడింది. మా పనికి 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చాలు. కుర్రాడి చేతికి పౌడర్ కొట్టే గన్ ఇస్తే 120, 130 కొడుతున్నాడు. 70తో అయ్యే పనికి పౌడర్ ఒకటిన్నర రెట్లకు పైనే పోతోందన్నమాట. గేజ్ డబ్బులు అక్కడే తిరిగొచ్చాయి.

గుడ్డిగా నమ్మి ఒకసారి దెబ్బ కూడా తిన్నాను. మిర్యాలగూడలో ఒక ఇంటికి సన్నటి గుండ్రటి పైపు గ్రిల్స్ చేసిచ్చాం. గేజ్ 70 చూపించింది. ఒక వానాకాలం దాటేసరికి పైపుల మీద తుప్పు చుక్కలు. "గిదేం పనయ్యా, పైసలు తీస్కొని గిట్ల చేస్తరా?" అని ఇంటాయన ఫోన్లో దులిపేశాడు. అదే సైజు కోటింగ్ లేని ఉత్త పైపు ముక్క మీద ప్రోబ్ (గేజ్ కొలిచే మొన) ఆనించి చూశా. సున్నా రావాల్సిన చోట 22 వచ్చింది! అంటే మా 70లో అసలు కోటింగ్ 50 దాటలేదు.

తప్పు నాదే. జీరో చేసింది, అంటే ఉత్త లోహం మీద పెట్టి సున్నాకు సరిచేసింది, గేజ్‌తో వచ్చిన చదును బిళ్ల మీద. ఇనుము మీద ఇది అయస్కాంతంతో కొలుస్తుంది. పైపు గుండ్రంగా ఉంటే ప్రోబ్ కింద ఇనుము తక్కువ తగులుతుంది, అది దూరంగా ఉందనుకుని గేజ్ మందం పెంచి చెబుతుంది. రేకు అంచుల దగ్గరా ఇదే తంతు. (ఆ రోజు హడావిడిలో కడగడం, ఫాస్ఫేటింగ్ (తుప్పు పట్టకుండా ముందు చేసే రసాయన పూత) కూడా సరిగ్గా చేయలేదు, అది వేరే సంగతి.) ఇప్పుడు వాడే ప్రతి సైజు పైపూ జానెడు ముక్క కోసి గోడ మేకుకు తగిలించాం. జీరో దాని మీదే.

జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపైతే ఆ జింకు మందం కూడా కలిపి చూపిస్తుంది. కోటింగ్‌కు ముందే ఒకసారి కొలిచి, చాక్‌పీస్‌తో రాసుకుని, తర్వాత వచ్చిన కొలతలోంచి అంత తీసేయాలి. అల్యూమినియం సెక్షన్ల మీద పెడితే కొలిచే పద్ధతి (మోడ్) దానంతటదే మారుతుంది, అక్కడ పేచీ లేదు.

ఎండలో స్క్రీన్ కనిపించదు, చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. గేజ్‌తో ఇచ్చిన, మందం ముందే తెలిసిన ప్లాస్టిక్ ఫాయిళ్లలో 50 మైక్రాన్లది నలిగి పనికిరాకుండా పోయింది, సరిచూసుకోవడానికి 100దే దిక్కు.

మొన్న మా బావ సెకండ్ హ్యాండ్ కారు బేరానికి దీన్ని పట్టుకుపోయాడు. మూడు డోర్లు 110 దగ్గర, నాలుగోది 900. లోపలంతా పుట్టీయే. "బంపర్ మీద ఏం చూపెడ్తలేదు, గేజ్ ఖరాబైందా బావా?" అని అక్కడి నుంచే ఫోన్. అది ప్లాస్టిక్ అని చెప్పి పెట్టేశా.